రందికి గోలి ఉంది, యాదికి లేదు: ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా. మీద సమీక్ష

తీర్పు ముందే చెప్పేస్తాం. అరవై దాటిన మనిషి రంది (డిప్రెషన్) పెట్టుకొని, తిండి సగానికి తగ్గించి, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చొని, "నాకేం యాదికుంటలేదు" అని పదే పదే చెప్పుకుంటుంటే ఎస్సిటాలోప్రామ్ మంచి మందు. 5కి 4 మార్కులు. అదే మనిషికి రంది లేదు, ఉన్నదల్లా మతిమరుపే, మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గితే మతిమరుపు వస్తుందని ఎవరో వీడియోలో చెప్పారు కాబట్టి వేద్దామంటే 5కి 1. ఆ ఒక్కటీ కూడా చిరాకు, ఎగబడటం కొంత తగ్గొచ్చని ఇచ్చిందే తప్ప యాది కోసం కాదు. మొదటి దాంట్లో కోసిన మార్కు మందు మీద కోపంతో కోసింది కాదు. నల్లగొండ, పాలమూరు ఇళ్లల్లో గూట్లో వేలాడే మందుల కవరు ఉంటుంది చూడండి, దాంట్లో ఈ గోలి పక్కన పడి ఉండే మిగతా గోలీల వల్ల కోసింది.

ముందు వస్తువు సంగతి. నల్లగొండ ప్రకాశం బజారులో అడిగినా, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర అడిగినా ఇదే మందు పది పన్నెండు బ్రాండు పేర్లతో దొరుకుతుంది. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో "ఎస్సిటాలోప్రామ్ ఆక్సలేట్" అని, దాని కింద 5, 10 లేదా 20 మి.గ్రా. అని ఉంటుంది. చూడాల్సింది ఆ వరుసే, పైన పెద్ద రంగు అక్షరాలు కాదు. జన ఔషధిలో దొరికే దాంట్లోనూ మందు అదే, ధర బాగా తక్కువ. ఒక్క జాగ్రత్త: ఒక నెల ఒక బ్రాండు, మరో నెల ఇంకో బ్రాండు తెస్తే పాతదీ కొత్తదీ రెండూ కవర్లో మిగిలిపోయి, పెద్దవాళ్లు రెండూ వేసుకుంటారు. ఒకటే మందు అని వాళ్లకు తెలియదు, రంగు వేరు కదా. పాత స్ట్రిప్ అయిపోయాకే కొత్తది ఇంట్లోకి రానివ్వాలి.

10 మి.గ్రా. గోలి కొనేటప్పుడు మధ్యలో గీత ఉన్నది చూసి తీసుకోండి. మొదటి వారం సగమే వేయాలి, గీత లేని గోలిని కత్తిపీటతో కోస్తే ఒక ముక్క పెద్దది, ఒకటి పొడి అవుతుంది. లేదంటే తిన్నగా 5 మి.గ్రా. స్ట్రిప్ అడగండి. ఇంకోటి: కౌంటర్ మీద కత్తెరతో స్ట్రిప్‌ను కోసి నాలుగు గోలీలు కాగితంలో చుట్టి ఇస్తారు. పేరు ఒక ముక్కలో, గడువు తేదీ ఇంకో ముక్కలో పోతాయి. నెలల తరబడి వాడే మందుకు ఆ పద్ధతి వద్దు, పూర్తి స్ట్రిప్ తీసుకోండి.

ఇక ఇది చేసే పని. సెరటోనిన్‌ను 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రక్తం సీరం నుంచి వేరు చేశారు. రక్తనాళాలను బిగించే గుణం ఉందని ఆ పేరు పెట్టారు. మెదడులోనూ ఉందని తేలింది 1953లో. ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే ఉంటుంది. గోలి మొదలుపెట్టిన వారంలో వాంతి వచ్చినట్టుండటం, విరేచనాలు పలచబడటం అందుకే. మెదడులో దాన్ని తయారుచేసేవి మెదడు అడుగున ఉండే కాండం మధ్యలోని రాఫే అనే కణాలు. మెదడులో మొత్తం న్యూరాన్లు దాదాపు 8,600 కోట్లైతే ఇవి కొన్ని లక్షలు మాత్రమే. కానీ వీటి తీగలు మెదడంతా పారతాయి.

సాగర్ ఎడమ కాలువ ఎరిగినవాళ్లకు ఇది వివరించడం తేలిక. నీళ్లు వదిలేది ఒక్కచోట, తడిసేది మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ దాకా. రాఫే ఆ తూము లాంటిది, నీళ్లు సెరటోనిన్. మడికి చేరిన నీళ్లను మళ్లీ కాలువలోకే తోడేసే మోటారు ఒకటి ఉందనుకోండి. అలాంటి మోటారు ఏ రైతూ పెట్టడు గానీ మెదడు పెట్టుకుంది, దాని పేరు సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి ఎస్ఎస్ఆర్ఐ మందులన్నీ చేసేది ఆ మోటారును బంద్ చేయడమే. కొత్తగా ఒక్క చుక్క నీళ్లు తేవు, వచ్చినవి మడిలో కాసేపు నిలిచేలా చూస్తాయి. మామూలు మోతాదులోనే మోటార్లలో దాదాపు 80 శాతం ఆగిపోతాయి. అందుకే రెండు గోలీలు వేస్తే రెండింతలు పనిచేస్తుందన్న లెక్క ఇక్కడ కుదరదు.

మోటారు ఆగేది మొదటి రోజుల్లోనే, మనసు తేరుకునేది వారాల తర్వాత. "సెరటోనిన్ తక్కువైంది, గోలితో నింపుతున్నాం" అన్న మాట ఇంత సూటిగా నిజమైతే ఈ ఆలస్యం ఉండొద్దు. డిప్రెషన్‌కు కారణం సెరటోనిన్ లోటే అనడానికి నిలకడైన రుజువు లేదని 2022లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్లు రాశారు. దాన్ని పట్టుకొని "అయితే గోలీలన్నీ దండగే" అన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాట తప్పు. జ్వరం పారాసిటమాల్ లోటు వల్ల రాదు, అయినా పారాసిటమాల్‌తో తగ్గుతుంది.

యాది విషయంలో కథ వేరు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు 2017లో 28 మంది తొలిదశ మతిమరుపు ఉన్నవాళ్లకూ, అదే వయసులో బాగున్న 28 మందికీ మెదడు స్కాన్ తీసి పోల్చారు. మతిమరుపు ఉన్నవాళ్లలో ఆ మోటార్లు కొన్నిచోట్ల 38 శాతం దాకా తక్కువ కనిపించాయి. తక్కువ ఉన్నవాళ్లకు జ్ఞాపకశక్తి పరీక్షలోనూ మార్కులు తగ్గాయి. సెరటోనిన్‌కూ మతిమరుపుకూ లంకె ఉందని వీడియోల్లో చెప్పేది ఇదే, అంతవరకు అబద్ధం లేదు. దాని మీద కట్టిన మేడే తప్పు. మోటార్లు తగ్గాయంటే నీళ్లు నిలుస్తున్నాయని కాదు, పిల్లకాలువలే, అంటే రాఫే తీగలే, పూడిపోతున్నాయని. చివరి ఆయకట్టుకు నీళ్లే రానప్పుడు మడిలో మిగిలిన ఒక్క మోటారును బంద్ చేస్తే పొలం తడుస్తుందా?

మందు పరీక్షల్లో అదే బయటపడింది. ఇంగ్లండ్‌లో డిమెన్షియాతో (ముదురుతూ పోయే మతిమరుపు రోగం) పాటు డిప్రెషన్ ఉన్న 326 మందిలో కొందరికి సెర్ట్రలిన్, కొందరికి మిర్టాజపిన్ అనే మరో డిప్రెషన్ మందు, కొందరికి మందు లేని ఉత్త గోలి ఇచ్చి చూశారు. 2011లో వచ్చిన ఫలితం: ఉత్త గోలి కంటే మందులు మెరుగ్గా ఏమీ చేయలేదు, దుష్ఫలితాలు మాత్రం ఎక్కువ. 2014లో ఎస్సిటాలోప్రామ్‌కు అన్న లాంటి సిటాలోప్రామ్‌ను 186 మంది అల్జీమర్స్ (డిమెన్షియాలో ఒక రకం) రోగుల్లో దాదాపు సగం మందికి 30 మి.గ్రా. ఇచ్చి చూస్తే చిరాకు, కేకలు తగ్గాయి. కానీ జ్ఞాపకశక్తి మార్కులు కొంచెం పడిపోయాయి, ఈసీజీలో క్యూటీ అనే వ్యవధి సాగింది. 2025లో స్వీడన్ డిమెన్షియా రిజిస్ట్రీలో 18 వేల మందికి పైగా రికార్డులు చూసినవాళ్లు, ఈ మందులు వాడినవాళ్లలో మతిమరుపు కొంచెం వేగంగా ముదిరిందని రాశారు. మందు వల్ల ముదిరిందా, ముదిరిన రోగానికే మందు రాశారా అన్నది రికార్డులతో తేలే విషయం కాదు. అయినా "యాది కోసం" అని ఈ గోలి వేయడానికి ఇవన్నీ చూశాక ధైర్యం చాలదు.

సెరటోనిన్ దారిలోనే యాదికి మందు చేద్దామని గట్టిగా పట్టుబట్టినవాళ్లలో హైదరాబాద్ సువెన్ లైఫ్ సైన్సెస్ వాళ్లూ ఉన్నారు. సెరటోనిన్ వచ్చి తగిలే 5-హెచ్‌టీ6 అనే రిసెప్టర్‌ను మూసే మాసుపిర్డిన్ వాళ్లదే. అదే తరహా ఇడలోపిర్డిన్, ఇంటెపిర్డిన్ అనే విదేశీ మందులు పెద్ద పరీక్షల్లో విఫలమయ్యాయి. మాసుపిర్డిన్ కూడా జ్ఞాపకశక్తి మీద అనుకున్న ఫలితం చూపలేదు. అల్జీమర్స్ రోగుల చిరాకు మీద మాత్రం ఆశ కనిపించి, ఆ దిశగా పరీక్షకు పెట్టారు. అంటే మనసు వైపు, ప్రవర్తన వైపు ఈ దారి ఎంతో కొంత పోతుంది. యాది వైపు వచ్చేసరికి గుంతలో పడుతోంది.

కాబట్టి స్ట్రిప్ కొనే ముందు తేల్చుకోవాల్సింది ఇంట్లో ఉన్నది రందా, మతిమరుపా అని. రెండూ ఒకేలా కనిపిస్తాయి. రంది మనిషి తన మతిమరుపును తనే చాటుకుంటాడు. ప్రశ్న పూర్తికాక ముందే "తెల్వది" అంటాడు. నెల రెండు నెలల కింద మొదలైందని ఇంట్లోవాళ్లు లెక్క చెప్పగలరు. డిమెన్షియా మనిషి "నాకేమైంది, మంచిగనే ఉన్న" అంటుంది. ప్రశ్నకు జవాబు చెబుతుంది, అది తప్పవుతుంది. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. వెనక్కి వెళ్లి చూస్తే రెండేళ్ల కింద బతుకమ్మ నాడే పాట మధ్యలో ఆగిపోయిందని గుర్తొస్తుంది. ఇది పక్కా కొలత కాదు. జీవితంలో ఎన్నడూ లేని రంది డెబ్బై ఏళ్లకు మొదటిసారి వస్తే అది డిమెన్షియాకు ముందు గంట కూడా కావొచ్చు. అందుకే రంది తగ్గాక, ఆర్నెల్లకోసారి యాది పరీక్ష మళ్లీ చేయించాలి. పరీక్ష అంటే స్కానే కానక్కర్లేదు. చదువు రాని పెద్దవాళ్లను కూడా ప్రశ్నలతో పరీక్షించే తెలుగు పద్ధతులు ఉన్నాయి, హైదరాబాద్ నిమ్స్‌లో వాటి మీద చాలా పని జరిగింది.

రక్త పరీక్షల్లో బీ12, థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, క్రియాటినిన్, సోడియం చూడనిదే గోలి మొదలుపెట్టడం తొందరపాటు. ఏళ్ల తరబడి షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గొచ్చు. అది తగ్గితే రందీ వస్తుంది, మతిమరుపూ వస్తుంది. వాటితో పాటు ఒక ఈసీజీ. నల్లగొండ, మహబూబ్‌నగర్, గద్వాల టీ డయాగ్నస్టిక్స్ హబ్‌లకు పీహెచ్‌సీల నుంచి శాంపిళ్లు వెళ్తాయి, పైసా తీసుకోరు. ఏ పరీక్షలు ఉన్నాయో పీహెచ్‌సీలో అడిగి, లేనివి మాత్రమే బయట చేయించండి.

వాడే పద్ధతి ఇది. డాక్టర్ రాసింది వేరుగా ఉంటే అదే పాటించాలి, కానీ పెద్దవాళ్ల విషయంలో తేడా కనిపిస్తే అడగడంలో తప్పులేదు. మొదటి వారం 5 మి.గ్రా., పొద్దున ఏదో ఒకటి తిన్నాక. పడితే రెండో వారం నుంచి 10. అరవై అయిదు దాటినవాళ్లకు 10 దగ్గరే ఆగాలి. యువకులకు ఇచ్చే 20 మి.గ్రా. వీళ్లకు వద్దు. వయసు మీద పడ్డ ఒంట్లో మందు ఎక్కువసేపు నిలుస్తుంది, గుండె మీద ఒత్తిడి పెరుగుతుంది. మొదటి పది రోజులు వికారం, తలనొప్పి, కొంచెం గాబరా. "గోలి పడ్తలేదు" అని మానేసేది సరిగ్గా ఇక్కడే. ఇది పడకపోవడం కాదు, అలవాటు పడటం. మూడో నాలుగో వారంలో ముందు నిద్ర, ఆకలి సర్దుకుంటాయి. మనసు తేలికైందన్న సంగతి మనిషి కంటే ముందు పక్కింటివాళ్లు గమనిస్తారు. పనిచేసిందా లేదా అని తేల్చాల్సింది ఆరు నుంచి ఎనిమిది వారాలకు. కొందరు పెద్దవాళ్లలో పన్నెండు పడుతుంది. నిండు మోతాదులో నాలుగు వారాలు గడిచినా వీసమెత్తు మార్పు లేదంటే మాత్రం ఆ స్ట్రిప్‌తోనే కాలం వెళ్లదీయకుండా మళ్లీ చూపించండి. ఒక పూట మర్చిపోతే మరునాడు రెండు వేయొద్దు. మర్చిపోయే మనిషికే మందు ఇస్తున్నాం కాబట్టి స్ట్రిప్ వెనక ప్రతి గోలి దగ్గర తేదీ పెన్నుతో రాసిపెట్టండి. డబ్బాలూ అలారాలూ అక్కర్లేదు, పది అంకెలు రాస్తే చాలు.

ఈ మొదటి వారాల్లోనే ఇంకో పని ఉంది. ఒంట్లో ఓపిక ముందొస్తుంది, మనసు తర్వాత తేరుకుంటుంది. ఆ మధ్య రోజుల్లో మనిషిని ఒంటరిగా వదలొద్దు. పత్తి, వరి చేనుకు తెచ్చిన పురుగుమందు డబ్బాలు ఇంట్లో, కొట్టంలో ఉంటే తీసి తాళం వేసిన చోట పెట్టండి. "నేనుండి ఏం జేస్త" లాంటి మాట వినిపిస్తే గోలి పనిచేసేదాకా చూద్దామనుకోవద్దు. టెలీ మానస్ 14416 రాత్రీపగలూ తెలుగులో పలుకుతుంది, ఖర్చు లేదు. అపాయం ఎదురుగానే ఉంటే 108.

ఇప్పుడు కవరు విప్పుదాం. అసలు సమీక్ష ఇక్కడే ఉంది.

కవర్లో మొదట చేతికొచ్చేది బీపీ గోలి. దాని పేరు చివర హెచ్, సీటీ, సీహెచ్ లాంటి అక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే సాధారణంగా దాంట్లో హైడ్రోక్లోరోథయజైడ్ లేదా క్లోర్‌థాలిడోన్ కలిసి ఉన్నట్టు. అవి మూత్రంతో ఉప్పును పంపేస్తాయి. ఎస్సిటాలోప్రామ్ ఇంకో దారిన రక్తంలో సోడియం తగ్గించొచ్చు. బీపీ ఉందని ఇంట్లో కూరలో ఉప్పు ముందే కోసేశారు. ఏప్రిల్, మేలలో చెమట, దాని మీద "నీళ్లు బాగా తాగాలె" అని చెంబుల కొద్దీ ఉత్త నీళ్లు. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాల్సింది 120ల్లోకి పడిపోవచ్చు. అప్పుడు మనిషి తూలుతుంది, మాట తడబడుతుంది, సోయి లేనట్టు పడుకుంటుంది, ఫిట్స్ కూడా రావొచ్చు. ఇంట్లోవాళ్లు మాత్రం "మతిమరుపు ముదిరింది" అనుకుంటారు. మందు తెచ్చిన మతిమరుపును రోగం తెచ్చిందనుకోవడం ఈ గోలితో జరిగే అతి పెద్ద పొరపాటు. గోలికి ముందు ఒకసారి, మొదలుపెట్టిన రెండు వారాలకు ఒకసారి సోడియం చూపించండి. హెచ్ ఉన్న బీపీ గోలి వాడుతుంటే మార్చవచ్చా అని డాక్టర్‌ను అడగండి.

రెండోది గ్యాస్ గోలి. తెలంగాణలో గ్యాస్ గోలి లేని కవరు లేదు. ఒమెప్రజోల్ అయితే రక్తంలో ఎస్సిటాలోప్రామ్ పాళ్లు దాదాపు సగం మేర పెరుగుతాయి, 10 వేసినా 15 వేసినట్టు. పాంటోప్రజోల్‌తో ఆ గొడవ పెద్దగా ఉండదు. కానీ పేరు చివర డీ లేదా డీఎస్ఆర్ ఉంటే దాంట్లో డోంపెరిడోన్ ఉంది. అది ఎస్సిటాలోప్రామ్ లాగే ఈసీజీలో క్యూటీని సాగదీస్తుంది. రెండూ కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం. వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, దగ్గు జ్వరానికి ఇచ్చే అజిత్రోమైసిన్ కూడా ఆ జాబితాలోవే. యాదికి ఇచ్చే డొనెపెజిల్ కూడా అంతే, పైగా నాడిని నెమ్మదింపజేస్తుంది. ఆ రెండూ కలిపి రాస్తే ఈసీజీ తప్పనిసరి.

మూడోది నొప్పి గోలి. మోకాళ్లకు డైక్లోఫినాక్ లేదా ఎసిక్లోఫినాక్, గుండెకు ఆస్పిరిన్ 75. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు సెరటోనిన్‌ను సొంతంగా చేసుకోలేవు, అదే మోటారుతో తోడుకుంటాయి. మోటారు బంద్ అయింది కాబట్టి వాటి దగ్గరా నిల్వ ఉండదు. కడుపులో పుండు పడితే రక్తం తొందరగా ఆగదు. తారు లాంటి నల్ల విరేచనం కనిపిస్తే అదే రోజు దవాఖానకు పోవాలి. ఇక ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే ట్రమడాల్ ఉన్న నొప్పి గోలి ఈ మందుతో అసలే పొసగదు. ట్రమడాల్ కూడా సెరటోనిన్ పెంచుతుంది. చేతులు వణకడం, చెమటలు, కాళ్లు ఎగిరెగిరి పడటం, జ్వరం, పిచ్చి గాబరా గంటల్లో మొదలవ్వొచ్చు. దాన్ని సెరటోనిన్ సిండ్రోమ్ అంటారు. "చలిజ్వరం" అనుకొని ఇంజెక్షన్ వేయించుకుంటూ కూర్చోవద్దు. దగ్గు మందుల్లో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్నవి కూడా వద్దు. మోకాలి నొప్పికి పారాసిటమాల్ వాడండి.

నాలుగోది నిద్ర గోలి. దీని గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలాసార్లు అది ఎస్సిటాలోప్రామ్ గోలిలోనే దాక్కొని ఉంటుంది. బ్రాండు పేరు పక్కన "ప్లస్" లాంటి తోక ఉంటే వెనక్కి తిప్పి చదవండి. క్లోనజిపామ్ 0.25 లేదా 0.5 మి.గ్రా. అని కనబడుతుంది. మొదటి రోజే నిద్ర పట్టి, గాబరా తగ్గి, "ఈ డాక్టర్ చెయ్యి మంచిది" అనిపిస్తుంది. ఆ మంచితనం క్లోనజిపామ్‌ది. పెద్దవాళ్లలో అది యాదిని మొద్దుబారుస్తుంది, రాత్రి బాత్రూంకు లేచినప్పుడు పడేస్తుంది, తుంటి ఎముక విరుగుతుంది, నెలలు గడిస్తే వదలదు. ఒకే గోలిలో కలిపి ఉంటే ఒకటి ఆపి ఒకటి కొనసాగించడం కూడా కుదరదు. మతిమరుపు అని వచ్చిన పెద్దమనిషికి కలగలుపు గోలి మంచి ఎంపిక కాదన్నది మా అభిప్రాయం, దానికి 5కి 1. నిజంగా అవసరమైతే విడిగా, రెండు మూడు వారాలకు మించకుండా. ఇప్పటికే నెలలుగా వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు, ఫిట్స్ రావొచ్చు. మెల్లగా తగ్గించాలి.

కవర్లో కనిపించనిది ఇంకోటి ఉంది, కల్లు. చెట్టు దగ్గర దించిన తాటికల్లు, ఈతకల్లు సంగతి కాదు. పాలమూరు వైపు దుకాణాల్లో సీసాల్లో అమ్మే కల్తీ కల్లులో ఆల్ప్రజోలమ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ పట్టుబడ్డ సందర్భాలు ఎన్నో. ఏళ్ల తరబడి అది తాగే తాతకు పగలు మత్తు, మరుపు, మనసు మొద్దు. రెండు రోజులు దొరక్కపోతే వణుకు, కేకలు, లేనివి కనిపించడం. దీన్ని డిప్రెషన్ అనో, డిమెన్షియా అనో అనుకొని ఎస్సిటాలోప్రామ్ వేస్తే ఆర్నెల్లైనా ఫలితం సున్నా. డాక్టర్ "మందు తాగుతారా?" అని అడిగితే "తాగడు" అంటారు ఇంట్లోవాళ్లు, ఎందుకంటే వాళ్ల లెక్కలో కల్లు మందు కాదు. రోజుకు ఎన్ని సీసాలో, ఎన్నేళ్లుగానో అడక్కపోయినా చెప్పండి. మాన్పించాలంటే దవాఖానలో పెట్టే మాన్పించాలి, ఇంట్లో తాళం వేసి కాదు.

పక్కన పెట్టి పోల్చదగ్గవి కొన్నే. గుండె జబ్బు ఉన్నవాళ్లకు సెర్ట్రలిన్ మెరుగు, 25తో మొదలుపెట్టి 50కి పోవాలి. విరేచనాల బెడద కొంచెం ఎక్కువ. తిండి మానేసి చిక్కిపోయి, నిద్ర లేనివాళ్లకు రాత్రిపూట మిర్టాజపిన్ 7.5 లేదా 15 బాగా కుదురుతుంది, షుగరూ బరువూ ఎక్కువున్నవాళ్లకు కుదరదు. వోర్టియాక్సెటిన్ డిప్రెషన్ ఉన్నవాళ్లలో బుద్ధి చురుకును కొంచెం పెంచిందని పరీక్షల్లో కనిపించింది, డిమెన్షియాకు మందు మాత్రం కాదు, ధరా ఎక్కువే. పాత అమిట్రిప్టిలిన్, పారాక్సెటిన్ మతిమరుపు ఉన్న ఇంట్లో అడుగుపెట్టకూడదు, యాదికి కావాల్సిన అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకొని ఉన్న యాదిని కూడా తీసుకుపోతాయి. పిరాసెటమ్, సిటికొలిన్ గోలీలూ సెలైన్లూ డిమెన్షియాను ఆపుతాయనడానికి గట్టి ఆధారం లేదు. ఆ డబ్బులతో కళ్లద్దాలు మార్పించండి, చెవి మిషన్ పెట్టించండి. ఆన్‌లైన్‌లో "హ్యాపీనెస్" అని అమ్మే, ఒంట్లో సెరటోనిన్‌గా మారే 5-హెచ్‌టీపీ క్యాప్సూల్స్ ఎస్సిటాలోప్రామ్‌తో కలిపితే ట్రమడాల్ కథే. అరటిపండులో సెరటోనిన్ ఉన్న మాట నిజమే కానీ అది మెదడు గడప దాటదు. దాటేది సెరటోనిన్‌కు ముడిసరుకైన ట్రిప్టోఫాన్. అది వనపర్తి పల్లీల్లోనూ, నువ్వుల్లోనూ, గుడ్డులోనూ ఉంది. తినండి, మంచిదే, కానీ గోలి మానేసి పల్లిపట్టీతో రంది పోగొడతామనుకోవద్దు.

రాసిచ్చే చోటు గురించి రెండు మాటలు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ సర్కారు మెడికల్ కాలేజీ దవాఖానల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. పొద్దున్నే ఓపీ చీటీ తీసుకొని, కవరు మొత్తం, పాత చీటీలు, బీపీ షుగర్ గోలీల స్ట్రిప్‌లతో సహా పట్టుకుపోండి. "తెల్ల గోలి, ఎర్ర గోలి" అని చెబితే ఏ డాక్టరూ పైన రాసిన గొడవలు పట్టుకోలేడు. పెద్దమనిషి ఒంటరిగా పోతే సగం సంగతి చెప్పడు. కొడుకులు పుణెలోనో హైదరాబాద్‌లోనో ఉంటే పక్కింటి మనిషినైనా వెంట పంపండి, ఆ టైముకు ఫోన్‌లో ఉండండి. ఓపీలో డాక్టర్‌తో దొరికేది కొద్ది నిమిషాలే, అదొక్కటే చిక్కు. అడగాల్సినవి చీటీ మీద రాసుకొని పోతే ఆ కొద్ది నిమిషాలూ సరిపోతాయి.

ఆపడం మొదలుపెట్టడం కంటే కష్టం. మనసు బాగైన నాటి నుంచి కనీసం ఆరు నెలలు, పెద్దవాళ్లలో ఏడాది కొనసాగించాలి. రంది ఇదివరకు కూడా వచ్చి ఉంటే ఇంకా ఎక్కువ. "మంచిగైంది కదా" అని స్ట్రిప్ అయిపోయిన రోజే మానేస్తే నాలుగైదు రోజుల్లో తల తిరగడం, తలలో కరెంట్ షాక్ కొట్టినట్టు జిల్లుమనడం, ఊరికే ఏడుపు. రోగం తిరగబెట్టిందని హడలిపోతారు, అది మందు ఆపిన తీరు. డాక్టర్ సరే అన్నాక 10 నుంచి 5కి దించి నాలుగు వారాలు, తర్వాత 5 మి.గ్రా. గోలిలో సగం ఇంకో నాలుగు వారాలు, ఆపైన బంద్. రోజు విడిచి రోజు వేసే పద్ధతి చాలామంది చెబుతారు కానీ ఈ మందుకు అది నప్పదు. రెండో రోజుకు రక్తంలో పాళ్లు బాగా పడిపోయి రోజూ కొంచెం ఆపినట్టే అవుతుంది. సగం విరిచిన గోలి మిగిలితే ఆ స్ట్రిప్ గుంటలోనే పెట్టి పైన రేకు మడవండి. అరచేతి చెమట తగిలితే పొడై, మరునాటి మోతాదు లెక్క తప్పుతుంది.